జర్మనుల ‘కూర్చుండుట’

జర్మను భాష సంస్కృతమునుండి పుట్టినదని మనలో పలువురు వినియుందురు. ఆ మాటలోని నిజమెంతయో ఒక చిన్న క్రియాపదమువలన తెలిసికొందము. ఆ పదము ‘జిట్సెన్’. కూర్చుండియుండుట అని దాని యర్థము.

సంస్కృతమున ‘సద్’ ధాతువునకును అదే యర్థము. ఈ రెండును తల్లీబిడ్డలు కావు, తోబుట్టువులు. వీనికి మూలమైన ప్రాచీనభాషలోని దకారము సంస్కృతమున నిలిచినది. ఇంగ్లీషున టకారమై ‘సిట్’ అయినది. జర్మనున ఇంకొక అడుగు సాగి ‘ట్స’ యైనది. ఇది కాకతాళీయము కాదు. దశ, టెన్, ట్సేన్; ద్వి, టూ, ట్స్వై అని వరుసగా పలికి చూచినచో చెవికే తెలియును. ఇట్టి ధ్వనిమార్పుల క్రమమును యాకోబ్ గ్రిమ్ 1822లో తన జర్మను వ్యాకరణమున వివరించెను. పిల్లల కథలను సేకరించిన గ్రిమ్ సోదరులలో ఆయన పెద్దవారు.

కూర్చున్నవాడు కదలడు. ఈ భావమునుండియే తక్కిన యర్థములు పుట్టినవి. సభ సమావేశమగుట ‘జిట్సుంగ్’. మన సదస్సు, పరిషత్తు అను మాటలును ‘సద్’ ధాతువునుండి వచ్చినవే. ఒక చోట కూర్చుండి దానిని తనదిగా చేసికొనుట ‘బెజిట్సెన్’. నేడు ఆ మాటకు సొంతముగా కలిగియుండుట అని యర్థము. దుస్తు ఒంటికి చక్కగా అమరినను ‘కూర్చున్నది’ అందురు. తరగతి తప్పిన బాలుడు ‘కూర్చుండిపోయెను’; చెరసాలలోనివాడు ‘కూర్చుండియున్నాడు’. సభాగౌరవమును, చెరయు ఒక్క మాటలోనే యిమిడినవి.

పక్షిగూటికి సంస్కృతమున ‘నీడము’ అని పేరు. పక్షి దిగి కూర్చుండు చోటు గనుక ‘ని’ అను ఉపసర్గతో ‘సద్’ ధాతువు చేరి ఏర్పడిన మాట యిది. జర్మనున ‘నెస్ట్’. ఇచట ‘ట్స’ ఏల రాలేదని అడుగవచ్చును. సకారము వెంటనున్న టకారమును జర్మను మార్చదు. మినహాయింపునకును నియమము కలదు.

మన ‘కూర్చుండు’ మాత్రము ఈ కుటుంబమునకు చెందదు. తెలుగు మొదలగు దక్షిణభాషలది వేరొక కుటుంబమని ఎల్లిస్ దొర 1816లోనే చూపెను. మనము చెట్టుక్రింద కూర్చుండు ‘నీడ’కును ఆ ‘నీడము’నకును పోలికయే కాని చుట్టరికము లేదు. మాటల బంధుత్వమును పోలిక తేల్చదు, నియమము తేల్చును.