బస్తా ఎక్కడ పోతోందో తూచి చూద్దాం
(శంషాబాద్ రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



2025 వానాకాలంలో యూరియా కోసం తెలంగాణ రైతు పడ్డ గోస అందరికీ యాదిలోనే ఉంది. పాస్‌బుక్కులు, చెప్పులు లైన్లో పెట్టి పొద్దంతా కూర్చున్నారు. సరిపడా ఎరువు ఇమ్మని సర్కారును అడుగుతూనే ఉంటాం, అది మన హక్కు. అయితే అంత తిప్పలు పడి తెచ్చిన బస్తా పొలంలో ఎంత పడుతోందో చూసుకోవడం మన చేతిలోని పని.

2008లో ఎయిర్‌పోర్టు వచ్చాక ఈ చుట్టుపక్కల హోటళ్లు, విల్లాలు, ఫంక్షన్ హాళ్లు పెరిగాయి. వాటి కోసం లాన్ గడ్డి పెంచే రైతులు మనలో ఉన్నారు. గడ్డిలో ఎరువు తేడా దాగదు. ఎక్కువ పడ్డచోట మాడుతుంది, తక్కువ పడ్డచోట పసుపు చార తేలుతుంది. చారలు పడ్డ గడ్డికి కొనేవాడు ధర కోస్తాడు. కౌలు రైతుకు ఆ దెబ్బ రెండింతలు.

ఎరువు చల్లే యంత్రం మీద ఉన్న నంబర్లు కిలోలు కావు. ఎరువు తడి, గింజ సైజు, నడక వేగం మారితే పడే లెక్క కూడా మారుతుంది. అందుకే తూచాలి.

లెక్క సులువే. ఎకరాకు 40 గుంటలు. ఉదాహరణకు 45 కిలోల యూరియా బస్తా ఒకటి ఎకరాకు చల్లాలనుకుంటే గుంటకు 1125 గ్రాములు పడాలి.

మొదట యంత్రం ఎంత వెడల్పు చల్లుతుందో చూడండి. నడిచే దారికి అడ్డంగా అడుగుకొకటి చొప్పున ఒకే సైజు బేసిన్లు పెట్టండి. గింజలు ఎగిరిపోకుండా అడుగున గుడ్డ పరవండి. గాలి లేనప్పుడు వాటి మీదుగా చల్లుకుంటూ పోండి. నడుమ ఎక్కువ, అంచుల్లో తక్కువ పడుతుంది. నడుమ పడ్డదానిలో సగం ఎక్కడ పడిందో రెండు పక్కలా గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య దూరమే పనికొచ్చే వెడల్పు. తర్వాతి సాలు అంత దూరంలోనే నడవాలి.

గుంట అంటే 1089 చదరపు అడుగులు. దాన్ని వెడల్పుతో భాగించండి. వెడల్పు 12 అడుగులైతే 91 అడుగులు నడిస్తే గుంట అయినట్టే. డబ్బాలో 5 కిలోలు తూచి పోయండి. తక్కువ సెట్టింగ్‌తో మొదలుపెట్టి, రోజూ నడిచే వేగంతోనే 91 అడుగులు నడవండి. నడక మొదలయ్యాకే గేటు తెరవండి, ఆగకముందే మూయండి. మిగిలింది తూచండి. తగ్గింది 1125 గ్రాములైతే సెట్టింగ్ సరైనది. 1500 తగ్గితే ఎకరాకు 60 కిలోలు పోతున్నట్టు. అంటే మూడెకరాలకు ఒక బస్తా ఊరికే పోయింది. కుదిరేదాకా సెట్టింగ్ మార్చి, ప్రతిసారీ కొత్త జాగాలో చూడండి. పడ్డ ఎరువు మన పొలంలోనే పడుతుంది కాబట్టి వృథా కాదు.

చారలు పడొద్దంటే సగం మోతాదుకు, అంటే గుంటకు 560 గ్రాములకు సెట్ చేసి, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా చల్లండి. మంచు ఆరాకే చల్లాలి. తడి ఆకుకు యూరియా అంటుకుంటే మాడుతుంది. చల్లగానే నీళ్లు పెట్టండి. డీఏపీకి, పొటాష్‌కు మళ్లీ విడిగా తూచాలి. యూరియా తేమ పీల్చి ఇనుమును తుప్పు పట్టిస్తుంది, అందుకే పని కాగానే యంత్రం కడిగి ఆరబెట్టండి.

చేత్తో చల్లేవాళ్లకూ ఇదే లెక్క. 11 గజాలకు 11 గజాలు తాడు కట్టి, 1125 గ్రాములు తూచి చల్లి చూడండి. పిడికిలి ఎంతో చేతికి తెలుస్తుంది.

రెండు మాటలు చెప్పి ముగిస్తా. యంత్రాలు కిరాయికిచ్చే చోట కాంటా ఉండాలి, తెలుగులో సెట్టింగ్ పట్టిక ఉండాలి, రైతు ముందే తూచి చూపాలి. ఇది మనం గట్టిగా అడగాలి. అడుగుతూనే ఊరి శాఖకు ఒక కాంటా, ఒక 100 అడుగుల టేపు మనమే కొనుక్కుందాం. తూచిన లెక్క చేతిలో ఉన్న రైతు మాటకు ఎక్కడైనా బలం ఉంటుంది.

జై కిసాన్.