జూలూ యుద్ధమూ, చెరకు తోటలూ, మనవాళ్లూ
(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ఎడపల్లిలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. బి.పి., షుగరు గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. కాబట్టి షుగరు గురించే చెబుతాను గాని, అది వేరే షుగరు. ఆ కథ దక్షిణాఫ్రికాలో మొదలై, తిరిగి తిరిగి మన బోధన్ చెరకు తోటల్లోకే వస్తుంది.

చదువుకునే రోజుల్లో సికిందరాబాదులో 'జూలూ' అనే ఇంగ్లీషు సినిమా చూశాను. అది 1964లో వచ్చిన చిత్రం. రోర్క్స్ డ్రిఫ్ట్ అనే చోట సుమారు 150 మంది బ్రిటిష్ సైనికులు, మూడు నాలుగు వేల మంది జూలూ యోధులను రాత్రంతా నిలువరించిన కథ. హాల్లో మేమంతా తెల్ల సైనికులు గెలవాలనే చప్పట్లు కొట్టాం. మనల్ని ఏలినవాళ్ల పక్షానే ఎందుకు కొట్టామో ఆనాడు ఆలోచించలేదు.

రిటైరయ్యాక ఒక ఆదివారం హైదరాబాదు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద డొనాల్డ్ మారిస్ రాసిన 'ది వాషింగ్ ఆఫ్ ది స్పియర్స్' అనే లావుపాటి పుస్తకం దొరికింది. అది మొదలు, ఆ యుద్ధం మీద దొరికిందల్లా చదువుతూ వచ్చాను. సినిమాలో చూపించని సంగతులు చాలా ఉన్నాయి.

1879లో ఆ యుద్ధానికి కాలు దువ్వింది జూలూ రాజు సెచ్వాయో కాదు. దక్షిణాఫ్రికా రాజ్యాలన్నిటినీ ఒకే గొడుగు కిందికి తేవాలని బ్రిటిష్ వారి ఆలోచన. దానికి స్వతంత్ర జూలూ రాజ్యం అడ్డు. అక్కడి హైకమిషనరు సర్ బార్టిల్ ఫ్రేర్ మనవారికి కొత్తవాడు కాదు. 1862 నుండి 1867 వరకు బొంబాయి గవర్నరుగా చేసినవాడే. 1878 డిసెంబరు 11న ఆయన జూలూలకు ఒక తాఖీదు ఇప్పించాడు. మీ సైనిక వ్యవస్థను రద్దు చేయండి అన్నది అందులో ముఖ్యమైన షరతు. జూలూలకు సైన్యమంటే జీతానికి పనిచేసే దండు కాదు. ఈడొచ్చిన ప్రతి యువకుడూ తన ఈడువారితో కలిసి రాజు కొలువులో ఒక దళంగా ఉండేవాడు. రాజు అనుమతిస్తేనే ఆ దళంలోని వాళ్లకు పెళ్లిళ్లు. దాన్ని రద్దు చేయమంటే రాజ్యాన్నే రద్దు చేసుకోమన్నట్టు. ఏ రాజు ఒప్పుకుంటాడు?

గడువు తీరగానే లార్డ్ చెమ్స్‌ఫర్డ్ సేనతో సరిహద్దు దాటాడు. ఆయన కూడా 1858లో మన మధ్య భారతంలో తిరుగుబాటు అణచివేతలో పాల్గొన్నవాడే. ఇసాండ్ల్వానా కొండ కింద గుడారాలు వేసి, చుట్టూ కందకమైనా తవ్వించకుండా, జనవరి 22న సగం సైన్యాన్ని వెంటబెట్టుకొని శత్రువును వెతకడానికి వెళ్లాడు. అసలు జూలూ సేన, ఇంచుమించు 20,000 మంది, ఇంకో దిక్కునుండి వచ్చి పడింది. ఎద్దు ముఖంలా నడుమ రొమ్ము, రెండు పక్కలా కొమ్ములు. రొమ్ము ఎదురుగా తలపడితే, కొమ్ములు చుట్టుముడతాయి. మార్టినీ-హెన్రీ తుపాకులున్నా 1,300 మందికి పైగా బ్రిటిష్ పక్షం వారు ఆ పగలే చనిపోయారు. జూలూలలో కూడా వెయ్యిమందికి తక్కువ కాకుండా పోయారు. రోర్క్స్ డ్రిఫ్ట్ పోరు ఆ సాయంత్రం మొదలైనదే. దానికి 11 విక్టోరియా క్రాసులు ఇచ్చారు. పొద్దుటి ఓటమిని రాత్రి గెలుపుతో కప్పిపుచ్చడానికి ఆ పతకాలు బాగా పనికొచ్చాయి.

జూలై 4న ఉలుండి వద్ద గాట్లింగ్ తుపాకులతో జూలూ సేనను చెదరగొట్టారు. రాజును పట్టుకొని ప్రవాసం పంపారు. రాజ్యాన్ని 13 ముక్కలు చేశారు. అన్నదమ్ములు కొట్టుకున్నారు. 1887లో బ్రిటిష్ వారు దాన్ని కలుపుకున్నారు, 1897లో నేటాలు వలసలో చేర్చారు. ఆ తరువాత జూలూల తీరభూములు తెల్ల యజమానులకు తెరిచారు. అక్కడ వేసిన పంట ఏమిటనుకున్నారు? చెరకు.

ఇక్కడే మనవాళ్లు వస్తారు. నేటాలులో చెరకు 1850 తరువాత మొదలైంది. జూలూలకు సొంత భూమి ఉంది, పశువులున్నాయి. ఏళ్ల తరబడి తోటల్లో కట్టుబడి పనిచేయడానికి వారు రాలేదు. అందుకని యజమానులు మన దేశం వైపు చూశారు. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బన్ చేరింది. తరువాత 1911 వరకు మొత్తం 1,52,184 మంది వెళ్లారు. మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుండే. వారిలో విశాఖపట్నం, చిత్తూరు ప్రాంతాల తెలుగువారెందరో. మొదట నెలకు పది షిల్లింగుల జీతం. పైన సర్దారు, చేతిలో కత్తి. 1866లో ఆగిన ఓడలు 1874లో మళ్లీ మొదలయ్యాయి. అంటే ఇసాండ్ల్వానాలో రక్తం పారిన రోజున, అదే నేటాలు తోటల్లో తెలుగువాడు చెరకు కొడుతూనే ఉన్నాడు. ఒకడి భూమి పోయింది, ఇంకొకడి ఊరు పోయింది. ఇద్దరినీ కలిపింది మన టీ కప్పులోని చక్కెరే. ఆ తెలుగువారి బిడ్డలు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకొని భాషను నిలుపుకున్నారు.

నన్ను కదిలించిన సంగతి వేరే ఉంది. ఆ ఓడల జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక్కొక్కరికీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చ. వారి మేలు కోరి రాసింది కాదు, పారిపోతే పట్టుకోవడానికి రాసిందే. అయినా ఈనాడు వారి మునిమనుమలు ఆ కాగితం పట్టుకొని వచ్చి తాత ఊరు వెతుక్కుంటున్నారు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నీటిపారుదల శాఖలో ఉద్యోగం రాకముందు, రెండు సీజన్లు ఒక గుత్తేదారు దగ్గర గుమాస్తాగా చేశాను. చెరకు కొట్టే కూలీల పుస్తకం నాది. మేస్త్రీ పేరు రాసి, పక్కన 'వగైరా 15 మంది' అని రాసేవాణ్ణి. ఒకనాడు గుంపులోని ఒకామె, "నా పేరు గూడ రాయి సారూ" అంది. "మేస్త్రీ పేరుంటే చాలదా?" అన్నాను. ఆమె పేరు చెప్పింది కూడా. నేను వినిపించుకోలేదు.

పదిహేను రోజులకు ఆమె కాలి మీద కత్తి పడింది. దవాఖానా ఖర్చుకు వస్తే గుత్తేదారు పుస్తకం తెరిపించాడు. "నీ పేరేదీ? నువ్వు మా కూలీవని ఏమిటి గుర్తు?" అన్నాడు. ఆమె నా వైపు చూసింది. 'ఈమె పదిహేను మందిలో ఒకతె' అని ఒక్క మాట అంటే చాలు. కొత్త ఉద్యోగం, నోరు పెగల్లేదు. కాలికి గుడ్డ చుట్టుకొని కుంటుకుంటూ వెళ్లిపోయింది. ఆమె పేరు నాకు ఈనాటికీ తెలియదు. ఓడల జాబితా గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనుషులను సరుకులా తీసుకుపోయినవాళ్లు రాసినంత కూడా నేను రాయలేదు.

ఇసాండ్ల్వానాలో బ్రిటిష్ సైనికులకు ఎన్నడో స్మారకాలు లేచాయి. చనిపోయిన జూలూ యోధులకు అక్కడ స్మారకం లేచింది 1999లో, అంటే 120 ఏళ్లకు. వీరులు మెడలో వేసుకునే హారం ఆకారంలో కంచుతో చేశారు.

మిత్రులారా, ఏటా మనం బతికున్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. విసుక్కుంటాం గాని, అందులో మన పేరుంటుంది, మన వేలిముద్ర ఉంటుంది. మరి మన సంఘం సభ్యత్వ రిజిస్టరు తీసి చూడండి. కుటుంబ పెన్షనుదారుల చోట 'ఫలానా వారి భార్య' అని ఉంది. చాలామంది సోదరీమణుల పేర్లు లేవు. వరద రాత్రుల్లో కాలువ గట్ల మీద కాపలా కాసిన లస్కర్ల పేర్లు మన ప్రత్యేక సంచికల్లో ఎప్పుడూ 'మరియు ఇతరులు'లోనే పోతున్నాయి. నా చేతి రాత బాగుంటుందని మీరంటారు. ఆ రిజిస్టరు నాకివ్వండి. నెల రోజుల్లో ఇంటింటికీ వెళ్లి, ప్రతి ఒక్కరి పేరు అడిగి, తిరిగి రాసి ఇస్తాను. ఈసారి విని రాస్తాను.