ఆరోగ్యవరములో యోబు గ్రంథము

మదనపల్లె చేరువనున్న ఆరోగ్యవరము మీరు విననిది కాదు. పలు క్రైస్తవ మిషనులు కలసి 1915లో అక్కడ క్షయరోగుల ఆసుపత్రిని తెరచినవి. డెన్మార్కు దేశీయుడైన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి అధిపతి. స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943లో. అంతకుముందు చికిత్స యనగా ముఖ్యముగా విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఆరుబయటి గాలి. నెలల తరబడి మంచముపై ఎదురుచూడవలసినదే.

1940 ప్రాంతమున మా అమ్మమ్మ అట్లు ఎదురుచూచినది. పుంగనూరునుండి బండిలో తీసికొనివచ్చినారట. కుప్పమునుండి పరామర్శకు వచ్చిన బంధువొకరు, "నీ విశ్వాసములో లోపమున్నది, లేనిచో ఈపాటికి స్వస్థత కలిగెడిది" అన్నారు. ఆ రాత్రి ఆమె ప్రార్థన మానివేసినది. కొన్నాళ్లకు యోబు గ్రంథము తెరచినది.

యోబును ఓర్పునకు ఉదాహరణగా చెప్పుట మనకు వాడుక. కాని అతడు ఓర్చి ఊరకున్నది మొదటి రెండధ్యాయములలోనే. పిమ్మట తాను పుట్టిన దినమును శపించినాడు, దేవునితోనే వ్యాజ్యమాడినాడు. మిత్రులు మువ్వురును ఏడు దినములు అతనితో నేలపై మౌనముగా కూర్చుండిరి. వారు చేసిన మంచిపని అదియొక్కటే! తరువాత, పాపమువలననే కష్టమని వాదింప మొదలిడిరి. దేవుడు యోబును ప్రశ్నించినాడు గాని, కోపించినది ఆ మిత్రులపై.

అమ్మమ్మ మరల ప్రార్థింపసాగినది. అది ప్రార్థన కాదు, దెబ్బలాట యని మా అమ్మ చెప్పెడిది. ఆమె కోలుకొని పుంగనూరు చేరినది. ప్రక్కమంచపు స్త్రీ, ఆమెకంటె భక్తురాలు, ఇల్లు చేరలేదు. అది ఎందువలననో అమ్మమ్మ ఎన్నడును వివరింపబూనలేదు. ఊరిలో ఎవరికి జబ్బుచేసినను వెళ్లి, మంచము ప్రక్కన చాలసేపు ఊరక కూర్చుండి వచ్చెడిది.