పిడికెడు బియ్యము

డిసెంబరు నెల సగము గడచునప్పటికి తెలుగు పల్లెలకు ఒక క్రొత్త శోభ కలుగును. కోస్తా జిల్లాలలో ధనుర్మాసపు హరిదాసు అక్షయపాత్రను తలదాల్చి, చిడుతలు వాయించుచు, తెల్లవారుజామున గడపగడపకు వచ్చును. ఇటు తెలంగాణములో, భూపాలపల్లి జిల్లా టేకుమట్ల ప్రాంతపు పల్లెలలో, క్రైస్తవ గృహముల ముందర వెదురు బద్దలతోను రంగు కాగితముతోను కట్టిన నక్షత్రములు వెలుగుచుండును. చీకటి పడిన పిమ్మట సంఘమునకు చెందిన పడుచువారు డోలకు, తాళములతో క్రీస్తు జనన గీతములు పాడుచు ఇల్లిల్లు తిరుగుదురు. హరిదాసునకైనను, ఈ పాటగాండ్రకైనను పేద యిల్లాలు ఇయ్యగలిగినది తరచుగా ఒక్కటియే: పిడికెడు బియ్యము. ఆ పిడికెడు బియ్యమును గూర్చియే నేడు శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

క్రిస్మసు పండుగ ఈ సీమకు అనువైన కాలముననే వచ్చును. వానాకాలపు వరి కోతలు ముగిసి వడ్లు ఇల్లు చేరియుండును. చేలలో పత్తి ఏరుట సాగుచుండును. కూలి చేసికొని బ్రతుకువారి చేతిలో నాలుగు డబ్బులాడు దినములివి. పండుగకు ముందే ప్రార్థనాలయమునకు సున్నము వేయుదురు. రంగు కాగితపు తోరణములు కట్టుదురు. పిల్లలకు క్రొత్త బట్టలు కుట్టింతురు. పండుగనాటి ఆరాధన ముగిసిన వెనుక ప్రేమవిందు జరుగును. ఒకరు బియ్యము, ఒకరు పప్పు, ఒకరు కట్టెలు, ఏమియు లేనివారు తమ రెక్కల కష్టము తెచ్చి, గుండిగలలో కలిసి వండి, బంతులు తీరి భుజింతురు. ఆ బంతిలో ఎవరు ఎంత తెచ్చిరో అడుగువారుండరు.

ఇట్టి పండుగ దినములలోనే పట్టణములనుండి దాతలును పల్లెలకు వత్తురు. అది మంచిదే. కాని కొన్ని సంవత్సరముల క్రిందట ఈ ప్రాంతపు ఒక పల్లెలో మేము చూచిన దృశ్యము నేటికిని మరపునకు రాకున్నది. దాతలు చద్దర్లు తెచ్చిరి. ముసలివారిని ఎండలో వరుసగా నిలిపి, పేరుపేరున పిలిచి, ఒక్కొక్కరికి చద్దరు అందించుచు ఛాయాచిత్రము తీయించుకొనిరి. చిత్రము సరిగా రాలేదని ఒక అవ్వ చేతిలోని చద్దరును తిరిగి తీసికొని, మరల అందించిరి. ఆమె తల వంచుకొని పుచ్చుకొనెను.

మరికొంతసేపటికి ఆరాధనలో కానుకల పళ్ళెము వచ్చెను. ఆ అవ్వయే కొంగు ముడి విప్పి, అందులోని బియ్యమును పళ్ళెములో పోసెను. అప్పుడామె తల వంచలేదు. వెలుపలికి వచ్చిన పిదప, ఉన్న కొంచెమును ఏల ఇచ్చితివని మేము అడిగితిమి. "తీసుకునుడేనా బిడ్డా? మేము గూడ ఇయ్యొద్దా?" అని ఆమె మమ్ములనే ఎదురు ప్రశ్నించెను. మేము మరుమాట పలుకలేకపోతిమి.

ఆ ప్రశ్న క్రొత్తది కాదు. టేకుమట్లకు దక్షిణముగా, కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలు మార్గమున, డోర్నకల్ జంక్షను కలదు. 2016లో జిల్లాల విభజన జరుగువరకు ఈ రెండు ఊళ్ళును వరంగల్లు జిల్లాలోనివే. నేడు డోర్నకల్ మహబూబాబాదు జిల్లాలోనిది. అవ్వ అడిగిన ప్రశ్ననే తన జీవితకార్యముగా చేసికొనిన ఒక మహనీయుడు ఆ ఊర నివసించెను. ఆయనయే బిషప్ వేదనాయకం సామ్యూల్ అజరయ్య.

అజరయ్యగారు 1874లో తిరునల్వేలి జిల్లాలో జన్మించిన తమిళులు. 1909లో డోర్నకల్ చేరి, తెలుగు నేర్చి, తెలుగువారితో తెలుగువారైరి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో వారికి బిషప్పుగా అభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నధిష్ఠించిన ప్రథమ భారతీయుడు వారే. అంతకు పూర్వము, 1905వ సంవత్సరము క్రిస్మసునాడు, వంగదేశములోని శ్రీరాంపురమున జాతీయ మిషనరీ సంఘమును స్థాపించినవారిలోను వారుండిరి. భారతీయుల ధనముతో, భారతీయుల చేతులమీదుగా, భారతీయుల నాయకత్వమున సేవ జరుగవలెనన్నది ఆ సంఘపు సూత్రము.

వినుటకు ఇంపైన సూత్రమే. కాని డోర్నకల్ చుట్టుపట్ల సంఘములలో ఉన్నవారెవరు? అధిక సంఖ్యాకులు భూమి లేని కూలీలు. అంటరానివారను పేరిట ఊరి చివర నుంచబడిన మాల, మాదిగ కుటుంబములవారు. వారికి నాణెముల రూపమున కూలి దొరకుట అరుదు, దొరకునది ధాన్యము. అట్టివారు ఏమి ఇయ్యగలరు?

దీనికి సమాధానము వంటింటిలో దొరకినది. ఇల్లాలు పొయ్యి రాజవేసి, ఎసటికి బియ్యము కొలిచినప్పుడు, కడుగుటకు ముందే అందులోనుండి ఒక పిడికెడు తీసి వేరొక ముంతలో వేయును. ఆదివారమున ఆ ముంతను ప్రార్థనాలయమునకు తెచ్చి గంపలో కుమ్మరించును. ఆ బియ్యము అమ్మగా వచ్చిన పైకము ఉపాధ్యాయుని జీతమునకు, దీపపు నూనెకు, రోగులకు, దిక్కులేనివారికి ఉపయోగపడును. పిడికెడనగా ఏబది గ్రాములనుకొందము. దినమున కొక్క పిడికెడైనచో సంవత్సరమునకు ఒక్కొక్క యింటనుండి పదునెనిమిది కిలోలు. ఏబది యిండ్ల పల్లెలో తొమ్మిది క్వింటాళ్ళు! ఏ ఇంటను ఎవరును పస్తుండలేదు. ఎవరును చేయి చాపలేదు.

ఇచ్చుట ధనికులకు మాత్రమే చెందిన హక్కు కాదనియు, పేదవాని భక్తికిని అది అంగమే యనియు అజరయ్యగారి బోధ. క్రైస్తవ దానమును గూర్చి వారు ఒక గ్రంథమే రచించిరి. డోర్నకల్‌లో వారు తలపెట్టిన ఎపిఫనీ దేవాలయము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడినది. గుమ్మటములును, స్తంభములును కలిసి, ఈ నేలమీద పుట్టినదే యనిపించు కట్టడమది. 1945 జనవరి 1వ తేదీన వారు డోర్నకల్‌లోనే కన్నుమూసిరి. క్రిస్మసు మొదలు ఎపిఫనీ వరకు గల కాలమున వారి జీవితపు ముఖ్య ఘట్టము లిన్ని ఇమిడియుండుట విశేషము.

పుచ్చుకొనువాని గౌరవమును నిలుపు మార్గము మరియొకటియు కలదు: అది పని కల్పించుట. 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయమును ఎరుగనివారుండరు. నూట డెబ్బదియైదు అడుగుల గోపురము, రెండువందల అడుగుల పొడవు గల ఆ కట్టడమును చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర పది సంవత్సరములు శ్రమించి నిర్మింపజేసిరి. కరవు కాలమున ఆకలిగొన్న జనులకు ఆ నిర్మాణములో పని చూపి, తిండి కల్పించిరని మెదకు సీమలో నేటికిని చెప్పుకొందురు. కష్టించి తిన్న ముద్ద తల వంపదు గదా!

పిడికెడు బియ్యపు మహిమ ఒక్క మతమునకు పరిమితము కాదు. కుచేలుని కొంగున నున్నవి పిడికెడు అటుకులే. యెరూషలేము దేవాలయమున ధనవంతుల కానుకలకంటె పేద విధవరాలి రెండు కాసులే మిన్నయని క్రీస్తు మెచ్చుకొనెను. దూరమున నున్న మిజోరము కొండలలో 1910లో స్త్రీలు ఆరంభించిన పిడికెడు బియ్యపు కానుక నేటికిని సాగుచు, అచటి సంఘములకు పెద్ద ఆదాయమై యున్నది.

అయినను ఒక హెచ్చరిక అవసరము. పేదవాని పిడికిలిని చూపి ధనికుడు తన చేయి ముడుచుకొనరాదు. చలికి వణకు ముసలివారికి చద్దరు కావలసినదే. అది ఇచ్చు తీరు ముఖ్యము. ఇంటికి పోయి, కుశలమడిగి, చాటుగా ఇచ్చినను చద్దరు వెచ్చగానే యుండును. ఎవరికి ఏమి కావలెనో ఆ పల్లెవారినే అడుగుట మేలు. ప్రేమవిందు నాడు ఆ బంతిలోనే కూర్చుండి, అవ్వ వడ్డించిన అన్నమును తినుట అంతకంటె మేలు. ఇక సంఘ పెద్దలకు ఒక మాట: దాతల పెద్ద మొత్తములకు లెక్కలు వ్రాయుదురు; సంతోషమే. అవ్వ పోసిన పిడికెడు బియ్యమునకును అంతే భయభక్తులతో లెక్క చెప్పవలెను.

జనవరి 6వ తేదీ గడచిన పిదప ఇంటి ముందరి నక్షత్రమును దింపుదురు. రంగు కాగితములు వాన లేకున్నను మంచుకు వెలసియుండును. పాటలు నిలిచిపోవును, పట్టణపు బండ్లు రావు. కాని పొయ్యి ప్రక్కనున్న ముంత అచటనే యుండును. మరునాటి ఎసటి వేళ దానిలో మరియొక పిడికెడు పడినచో, ఆ యింట పండుగ ముగియలేదని మేము తలంతుము.