ఫోనులో పిలిచిన కారు



స్టేషనుకు వెళ్ళాలని ఫోనులో కారు పిలుస్తాం. వస్తున్నానన్న డ్రైవరు అయిదు నిమిషాలకు రానంటాడు. ఒళ్ళు మండుతుంది. మండదా మరి! కానీ కోపం చల్లారాక అతని లెక్క కూడా ఒకసారి చూద్దాం.

మా గుమ్మలక్ష్మీపురంలో జీపు నిండితేగాని కదలదు. పార్వతీపురం వెళ్ళాలంటే సంచులు ఒళ్ళో పెట్టుకుని మిగతావాళ్ళకోసం ఎదురు చూడవలసిందే. కొండ ఊళ్ళలో కారు పిలిచేవాళ్ళు ఎంతమంది? అందుకే డ్రైవింగు నేర్చిన కుర్రాళ్ళు విశాఖపట్నం దారి పడతారు.

అలా వెళ్ళిన ఒక అబ్బాయి మొదట ట్రావెల్స్‌లో చేరాడు. "అక్కా, తెల్లారకముందే కారు కడిగి కూర్చునేవాణ్ణి. మంచి కిరాయిలు ఓనరుకి కావలసినవాళ్ళకే. జీతం, బత్తా ఆయన ఇచ్చినప్పుడే" అన్నాడు. తరువాత అప్పుచేసి సొంతకారు కొని యాప్‌లో పెట్టాడు. ఎవరి సిఫారసూ అక్కరలేదు, బేరాలు లేవు, పండక్కి ఊరు వెళ్ళాలంటే యాప్ ఆపేస్తే చాలు. చాలామంది ఇటు మొగ్గింది ఈ స్వేచ్ఛకోసమే.

మన దేశంలో ఓలా 2010లో మొదలైంది, ఉబర్ 2013లో వచ్చింది. తొలిరోజుల్లో ఇన్ని ట్రిప్పులు వేస్తే ఇంత అదనమని ఊరించారు. ఆ అదనం క్రమంగా తగ్గింది, కారు వాయిదా మాత్రం తగ్గలేదు. మనమిచ్చే 300 రూపాయలలో నూటికి 20 కమీషను పోతే మిగిలేది 240. ఇంధనం అందులోనే. సొంతకారు డ్రైవరుకు కనీసం 80 శాతం అందాలని కేంద్రప్రభుత్వం 2020లోనూ, 2025లోనూ మార్గదర్శకాలలో వ్రాసింది. 2022లో బెంగళూరులో వచ్చిన నమ్మ యాత్రి కమీషను పద్ధతినే వదిలేసింది.

ఇంకొక బాధ ఉంది. "ఓనరు తిట్టినా ఎదురుగా ఉండేవాడక్కా. జ్వరమొస్తే వంద అప్పిచ్చేవాడు. ఇప్పుడు ఐడీ ఆగిపోతే ఎవరిని అడగను?" అన్నాడా అబ్బాయి. నా దగ్గర జవాబు లేదు.

మరి మనం చేయగలిగిందేమిటి? కారు వచ్చేసరికి గుమ్మం ముందు ఉందాం. దారి సరిగా చెబుదాం. తప్పుచేస్తే ఫిర్యాదు చేద్దాం, కానీ ట్రాఫిక్ మీద కోపంతో ఒక్క స్టారు నొక్కకండి. మన వేలు కదిపితే అతని పొయ్యి మీద ఎసరు ఆగిపోవచ్చు.