ముత్తవ్వ సాక్ష్యం: లూయీ కముకాక్ స్మారకోపన్యాసం



2018 మార్చిలో, 58 ఏళ్లకే కన్నుమూసిన లూయీ కముకాక్‌ను పత్రికలు మౌఖిక చరిత్రకారుడు అన్నాయి. ఆయన్ను ఏ విశేషణమూ తగిలించకుండా చరిత్రకారుడనే అనాలని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికే ఈ సాయంత్రం మీ ముందు నిలబడ్డాను.

కెనడా ఉత్తరాన, నునావుట్ ప్రాంతంలో కింగ్ విలియం ద్వీపం ఉంది. దాని మీద ఉన్న ఒకే ఒక్క ఊరు జోవా హేవెన్. అది కముకాక్ ఊరు. ఆయనకు ఆరేడేళ్లప్పుడు ముత్తవ్వ హుమ్మాహుక్ ఒక సంగతి చెప్పింది. చిన్నతనంలో ఆమె తండ్రి వెంట ద్వీపం ఉత్తరపు వైపు నడుస్తుంటే, ఒకచోట ఎన్నడూ చూడని వస్తువులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయట. చెంచాలు, తుపాకీ గుండ్లు. అక్కడ దొరికిన ఒక కత్తిని తండ్రి తెచ్చుకుని, మంచు పగలగొట్టే ఉలిగా మలచుకున్నాడు. మనిషి పొడవున ఒక దిబ్బ కూడా కనిపించింది. దాని దగ్గర వింత గుర్తులున్న రాయి. తర్వాత బడిలో టీచరు ఫ్రాంక్లిన్ కథ చెబుతుండగా కుర్రవాడికి ముత్తవ్వ మాటలు మెదిలాయి. అది ఫ్రాంక్లిన్ సమాధే కావచ్చని, ఇక జీవితమంతా ఆ దిబ్బ కోసమే వెతికాడు.

ఫ్రాంక్లిన్ కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1845 మేలో సర్ జాన్ ఫ్రాంక్లిన్ ఎరెబస్, టెర్రర్ అనే రెండు ఓడలతో ఇంగ్లండ్ నుంచి వాయవ్య సముద్రమార్గం కనుక్కోవడానికి బయలుదేరాడు. ఆర్కిటిక్‌లోకి సాగిన 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. 1846 సెప్టెంబరులో ఓడలు కింగ్ విలియం ద్వీపానికి వాయవ్యాన మంచులో చిక్కుకున్నాయి. మరుసటి జూన్‌లో ఫ్రాంక్లిన్ చనిపోయాడు. 1848 ఏప్రిల్‌లో మిగిలిన 105 మంది ఓడలు వదిలి కాలినడకన దక్షిణానికి సాగారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. 1830లో కింగ్ విలియం తీరానికి వచ్చిన అన్వేషకుడు జేమ్స్ క్లార్క్ రాస్, అది ద్వీపం కాదనీ, ప్రధాన భూభాగంతో కలిసే ఉందనీ అనుకున్నాడు. ఫ్రాంక్లిన్ చేతిలోని పటంలోనూ తూర్పు దారి మూసుకుపోయే ఉంది. అందుకే పడమటి దారి పట్టి కదలని మంచులో ఇరుక్కున్నాడు. అది ద్వీపమని అక్కడి ఆదివాసులైన ఇన్యూట్‌లకు తరతరాలుగా తెలుసు.

1854లో జాన్ రే అనే వైద్యుడు ఇన్యూట్‌లను అడిగి, ఆకలితో చచ్చిన తెల్లవారి సంగతి రాబట్టాడు. ఫ్రాంక్లిన్ పేరు చెక్కిన చిన్న వెండి పళ్లెం, టెర్రర్ కెప్టెన్ క్రోజియర్ పొడి అక్షరాలున్న వెండి సామాను వారి దగ్గర కొన్నాడు. చివరిదాకా మిగిలినవాళ్లు సహచరుల శవాలను తిన్నారని కూడా ఇన్యూట్‌లు చెప్పారు. లండన్ భగ్గుమంది. చార్లెస్ డికెన్స్ తన పత్రికలో, ఇన్యూట్‌ల మాట నమ్మదగింది కాదనీ, ఆ నావికులను వాళ్లే చంపి ఉండవచ్చనీ రాశాడు. అంతటి రచయిత కలం నుంచి అలాంటి మాట రావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. వెండి సామాన్లను సాక్ష్యంగా పుచ్చుకున్నారు, వాటిని ఇచ్చినవారి మాటను మాత్రం తోసేశారు.

కానీ ఇన్యూట్‌ల మాటే నిజమైంది. 1990లలో ఆ ద్వీపంలోని ఎరెబస్ బే ఒడ్డున దొరికిన ఎముకలపై కత్తిగాట్లు తేలాయి. 2024లో అక్కడి ఒక దవడ ఎముక ఎరెబస్ కెప్టెన్ జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్‌దని డీఎన్ఏ పరీక్షలో రుజువైంది. దాని మీదా గాట్లున్నాయి.

కముకాక్ పని ఎలా సాగిందో చూడండి. మూడు దశాబ్దాలకు పైగా పెద్దల దగ్గర కూర్చుని విన్నారు. విన్నదాన్ని అన్వేషకుల దినచర్యలతో, ఓడల రికార్డులతో పక్కపక్కన పెట్టి సరిచూశారు. తెల్లవారి పటాలు ఆ నేల మీది పాత పేర్లను తుడిచేశాయి. పేరు పోతే, పెద్దలు చెప్పిన సంఘటన ఎక్కడిదో చెప్పే ఆధారం పోతుంది. అందుకని ఆయన స్థలనామాలు సేకరించారు. పైగా ఇన్యూట్ కుటుంబాల్లో పోయినవారి పేరు పుట్టిన బిడ్డకు పెడతారు. ఒకే పేరు రెండు మూడు తరాల్లో వస్తుంది గనుక, వంశక్రమం తెలియకపోతే కథ ఏ కాలానిదో తేలదు. స్థలం, కాలం, సాక్షుల మాటల పోలిక, ఈ మూడూ పట్టించుకున్న మనిషిని చరిత్రకారుడు అనకపోతే ఇంకేమంటాం?

ఒక ఓడ దక్షిణాన ఉగ్జులిక్ దగ్గర మునిగిందని ఇన్యూట్‌లు 1860లలో అన్వేషకుడు చార్లెస్ ఫ్రాన్సిస్ హాల్‌కు చెప్పారు. ఆ సంభాషణలను తర్జుమా చేసినవారు టుకులిటో అనే ఇన్యూట్ మహిళ, ఆమె భర్త ఎబియర్‌బింగ్. 2014 సెప్టెంబరులో ఎరెబస్ ఆ ప్రాంతంలోనే సుమారు 11 మీటర్ల లోతున దొరికింది. రెండేళ్లకు టెర్రర్ దొరికింది. మంచులోంచి పైకి పొడుచుకొచ్చిన కొయ్యను కొన్నేళ్ల కిందట చూశానని జోవా హేవెన్‌కు చెందిన సామీ కోగ్విక్ చెప్పడంతో అన్వేషకులు అటు వెళ్లారు.

కముకాక్‌కు ఆర్డర్ ఆఫ్ కెనడా సహా గౌరవాలు అందాయి. ఆయన పోయిన ఏడాదే బ్రిటన్ ఆ ఓడలను కెనడాకు అప్పగించింది. వాటిపై ఇన్యూట్‌లకూ ఉమ్మడి హక్కు దక్కింది. ఫ్రాంక్లిన్ సమాధి మాత్రం ఇంకా దొరకలేదు.

విద్యార్థులకు నా మనవి ఒక్కటే. రేపు మీరెవరైనా ఈ యాత్ర గురించి రాస్తే, ఆధారాల పట్టికలో రే, హాల్ పేర్ల సరసన టుకులిటో పేరు రాయండి, హుమ్మాహుక్ పేరు రాయండి, కముకాక్ పేరు రాయండి.