అడుగకయే తెరువవలసిన దస్త్రము
(మోతీనగర్ పఠనమందిరమున చేసిన ప్రసంగపాఠము)



నిజాము పాలనలో గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువుచే సభ జరుపుకొనుటకే సర్కారువారి అనుమతి కావలసియుండెను. ఆ చరిత్ర మీరెరిగినదే. నేడు సభకు అడ్డు లేదు. కాని సర్కారు బీరువా తాళపుచెవి ఎవరి చేతనున్నది?

2005 అక్టోబరు 12వ తేదీన అమలులోనికి వచ్చిన సమాచారహక్కు చట్టము దానిని ప్రజల కిచ్చినది. పది రూపాయలతో అర్జీ పెట్టినచో ముప్పది దినములలో బదులు రావలెను. మండల కార్యాలయమున రుసుము ఐదు రూపాయలే. గ్రామమున అదియు లేదు. అంతేకాదు, పని జరుగుచోటికి పోయి తనిఖీ చేయుటకును, వాడిన సరకుల నమూనాలను ధ్రువీకరణతో పొందుటకును 2వ సెక్షను హక్కిచ్చుచున్నది. ఈ సంగతి మా న్యాయవాదులలోనే పలువురెరుగరు.

ఇంత చట్టముండియు ఏమైనది? 2023 ఫిబ్రవరి మొదలు రెండేండ్లకు పైగా తెలంగాణ సమాచార కమిషనున ఒక్క కమిషనరైనను లేకుండెను. 2025 మే నెలలో గాని ప్రధాన కమిషనరు నియామకము జరుగలేదు. బదులియ్యని అధికారికి దినమునకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా విధింపవలసినది ఆ కమిషనే. విధించువారే లేనప్పుడు అధికారికి భయమేల? రెండవ అప్పీలు వేసినవారు ఖాళీ కుర్చీకి మొరపెట్టుకొనిరి. చట్టమును రద్దుచేయ నక్కరలేదు. కుర్చీ నింపకున్న చాలును.

కావున అడిగి తెచ్చుకొను దానిపైననే ఆధారపడరాదని మా అభిప్రాయము. 4వ సెక్షను ప్రకారము పదునేడు విధముల వివరములను ప్రభుత్వ కార్యాలయములు అడుగకయే ప్రకటింపవలెను. ప్రకటించిన లెక్కను పదిమందిలో చదువుటకు సభయు కావలెను. ఈ దారి మన పల్లెలే చూపినవి. 2006 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఉపాధిహామీ పనులకు సామాజిక తనిఖీ మొదలైనది. ఇంటింటికి పోయి మస్టరులోని పేరును, దినములను, కూలిని సరిచూచి, పిమ్మట మండలమున బహిరంగసభలో అధికారుల యెదుట చదువుదురు. చనిపోయినవాని పేర కూలి వ్రాసియుండినచో ఆ వాడవారే లేచి చెప్పగలరు. ఏ ఆడిటరు ఇంతకన్న బాగుగా తేల్చును?

మరి మన నగరమున? ఫిలింనగరున చిత్రము విడుదల కాకముందే దాని ఖర్చు టీ దుకాణములలో చర్చకు వచ్చును. మన వీధి కాలువ ఖర్చు మాత్రము మనకు తెలియదు. మూడు లక్షలు, అంతకు మించిన జనముగల పురములలో వార్డు కమిటీలుండవలెనని రాజ్యాంగపు 243 ఎస్ అధికరణము చెప్పుచున్నది. మన వార్డున అట్టి సమావేశము జరిగినదని మీలో ఎందరు వింటిరి? అక్షరము రాని కూలివాడు లెక్క అడుగుచుండగా పట్టభద్రులమైన మనము పత్రిక చదివి నిట్టూర్చుచున్నాము.

వచ్చే ఆదివారము, గత యేడు మన వార్డున జరిగిన రోడ్డు, కాలువ పనుల అంచనాలను, బిల్లులను కోరుచు ఇచ్చటనే అర్జీ వ్రాయుదము. బదులు వచ్చిననాడు ఈ మందిరమునందే పైకి చదువుదము. ఇంజనీరుగారిని కూడ పిలుతము. ఇంటికొకరు రండు.